గూడబాతు నీళ్ళలో ఉన్నంతసేపు

నా భయాలన్నిటిలోకీ పెద్దది ఇది. వచ్చే ఆగస్టు పద్నాలుగున బొగోతాలో, ఆ పెద్ద స్టేజీ మీద, మూడో చరణం దగ్గర మా చెల్లెలు యురానిస్‌కి ఊపిరి అందదు. గుండె మీద చెయ్యి వేసుకుని ముందుకి వంగిపోతుంది. కింద నిలబడ్డ వేలమంది అది కూడా డాన్సులో భాగమే అనుకుని చప్పట్లు కొడతారు.

మిగతా భయాలు రోజూ ఉండేవే. పాప తప్పటడుగులు వేస్తూ నూనె మూకుడు దగ్గరికి వస్తుందేమో. వాన పడితే కాలవ పొంగి ఇంట్లోకి వస్తుందేమో. మా ఆయన విల్మెర్ మోటార్ సైకిల్ వెనక జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతుంటాడు, ఏ బస్సు వాడో గుద్దేస్తాడేమో. వాటితో కాపురం చేయడం అలవాటైపోయింది. ఈ ఒక్కదానితో మాత్రం నావల్ల కావడం లేదు.

మేముండేది సముద్రం ఒడ్డున కార్తహేనాలో, ఒలాయా వైపు, ఉప్పునీటి చిత్తడికి ఆనుకుని. అమ్మ పోయేనాటికి నాకు పద్నాలుగు, యురానిస్‌కి ఎనిమిది. మొక్కజొన్న పిండి ఒత్తి నూనెలో వేయించి అమ్మే అమ్మ అరెపాల బండి నాకొచ్చింది. ఎనిమిదో క్లాసు పుస్తకాలు అటక ఎక్కాయి. బండితో పాటు చెల్లెలి ఉబ్బసం కూడా నాకే వచ్చింది. వానాకాలం మొదలైందంటే దాని మెడ గుంట లోపలికి పోయేది, భుజాలు చెవులదాకా లేచేవి. ఆవిరి పట్టేదాన్ని, వీపు రుద్దేదాన్ని, హెల్త్ సెంటర్‌లో బారెడు లైన్లో నిలబడేదాన్ని. కానీ ఊపిరి ఆడని పిల్లకి ముందు కావలసింది భయం తగ్గడం. మా గుమ్మంలో కూర్చుంటే చిత్తడి మీద గూడబాతులు కనపడేవి. వాటిని చూపిస్తూ ఒక ఆట కట్టాను.

"గూడబాతు ఎగిరింది" అంటే మెల్లగా గాలి తీసుకోవాలి. "గూడబాతు మునిగింది" అంటే ఊరుకోవాలి. నేను దాని అరచేతిలో వేలితో నాలుగు లెక్కపెట్టేదాన్ని. "చూడు, తేలింది" అనగానే మూతి సున్నాలా చుట్టి వదలాలి. ఆ మాటలకి మెల్లగా రాగం వచ్చింది. దానికి పదేళ్ళు వచ్చేసరికి మూడు చరణాలయ్యాయి. ప్రతి చరణంలోనూ గూడబాతు మునగ్గానే పాట ఆగుతుంది. నాలుగు లెక్కలసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీ యురానిస్ ఊపిరి కోసం, పాడేటప్పుడు అది గాలి తీసుకునేది అక్కడే. పాట అంతా ఆ ఖాళీ చుట్టూ కట్టిందే.

మా వీధిలో అరిస్తిదెస్ మామకి ఒక పికో ఉంది. గోడంత ఎత్తున స్పీకర్లు పేర్చి, ముందువైపు నోరు తెరిచిన పులి బొమ్మ వేయించి, ఆదివారం వీధిలో పెట్టి మోగిస్తాడు. దాని పేరు ఎల్ తిగ్రియో. పక్క పికో దగ్గర లేని పాట తన దగ్గర ఉండటమే పికో వాడి పరువు. అందుకే మామ వాళ్ళ నాన్న కాలంలో రికార్డు మీది కాగితాన్ని బ్లేడుతో గీకేసేవారట, పాటెవరిదో, ఏ ఊరిదో ఎవరికీ తెలియకుండా. ఇప్పుడు రికార్డులు లేవు, ఫైళ్ళు. వాటికీ పేరుండదు. వీధి జనం ఏం పిలిస్తే అదే పేరు.

రెండేళ్ళ కిందట, పాప కడుపులో ఉండగా, బండి దగ్గర నేనూ యురానిస్ పాడుకుంటుంటే మామ విన్నాడు. మర్నాడే తన పెరటి గదిలోకి తీసుకెళ్ళాడు. గోడలకి పరుపులు కొట్టి ఉన్నాయి. నేను పాడాను, యురానిస్ రెండో గొంతు ఇచ్చింది. తర్వాత మామ దాని కింద డప్పులు పెట్టాడు. మామూలుగా అయితే పాటలో ఎక్కడ సందు దొరికితే అక్కడ తన పికో పేరు అరిపిస్తాడు. మా నాలుగు లెక్కల దగ్గర మాత్రం చెయ్యి పెట్టలేదు.

"ఇక్కడ వద్దులే, ఆ పిల్ల ఊపిరి తీసుకుంటోంది" అన్నాడు.

"మామా, కింద నా పేరు రాయవా?" అనడిగాను.

"రాస్తాను. దానికిందే మీ ఇంటి అడ్రసు కూడా రాస్తాను. రేపొద్దున పక్క పికో వాడు నీ బండి దగ్గరికొచ్చి నాలుగు అరెపాలు తిని, నిన్నూ నీ పాటనీ ఎగరేసుకుపోతాడు. సరేనా?"

"వద్దులే."

"మరి? ఇదిప్పుడు పులి కడుపులో ఉంది. అక్కణ్ణించి ఎవడు తీస్తాడు?"

నిజంగానే ఎవరూ తీయలేదు, ఏడాదిపాటు. ప్రతి ఆదివారం పాట రాగానే వీధంతా ఎగిరేది. గూడబాతు మునగ్గానే రెండొందల మంది కాలు గాల్లో పెట్టినవాళ్ళు పెట్టినట్టే ఆగిపోయేవారు. తేలగానే ఒక్కసారి కేక. నేను బండి దగ్గర పిండి ఒత్తుకుంటూ, ఎవరికీ చెప్పకుండా నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు లుడిస్ సంగతి చెప్పాలి. మీకు లూదియాగా తెలుసు. మాకు మూడిళ్ళ అవతలి లుడిస్ కసియానీ, నాకంటే ఏడేళ్ళు పెద్దది. చిన్నప్పుడు మామ మైకు పట్టుకుని పాడేది, అమ్మ బండి దగ్గర అరువుకి తినేది. ఇరవయ్యో ఏట బర్రాంకియా వెళ్ళింది, అక్కణ్ణించి మయామీ. జుట్టు కురచగా కత్తిరించుకుంది, ఇంటిపేరు వదిలేసింది. మొదటి పాటల సంపుటి ఎవరూ వినలేదు. రెండోదానితో ఖండమంతా ఆమె వెనకే పడింది. దానికి పెద్ద బహుమతి వచ్చిన రోజు మా వీధి వీధంతా టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత వరసగా రెండు సంపుటాలు చప్పబడ్డాయి. ముప్పై దాటింది, దాని పని అయిపోయిందని టీవీ వాళ్ళు అనడం మొదలుపెట్టారు. ఇరవై రెండు నగరాల టూర్ ప్రకటించాక కూడా, కొత్త పాట ఏదీ, పాతవే పాడుతుందా అని వెక్కిరించారు.

అలాంటి రోజుల్లో, డిసెంబర్లో, లుడిస్ మా పాపకి జ్ఞానతల్లి అయింది. తనే అడిగింది. "నన్ను పెంచిన వీధిలో నాకో బిడ్డ ఉండాలి" అంది. చర్చిలో పాప తల మీద నీళ్ళు పోసేటప్పుడు తనే ఎత్తుకుంది, దిష్టి తగలకుండా నల్లపూస ఉన్న బంగారు గొలుసు చేతికి కట్టింది. ఆ రోజునుంచి మేమిద్దరం ఒకరికొకరు కొమాద్రె అయ్యాం. ఇక పేరు పెట్టి పిలుచుకోకూడదు, ఆ పిలుపే. అక్కచెల్లెళ్ళు కొట్టుకుంటారు, మొగుడూ పెళ్ళాలు విడిపోతారు, కానీ ఒక బిడ్డని ఇద్దరూ కలిసి దేవుడికి చూపించాక కొమాద్రెకి ద్రోహం చేయడమన్నది మావైపు లేదు. లేదనే అనుకున్నాను.

విందుకి మామ పికో పెట్టాడు. మా పాట వచ్చింది. అందరూ ఆగిన ఆ నాలుగు లెక్కల్లో లుడిస్ ఒక్కతే కదిలింది. తలెత్తి చుట్టూ చూసింది.

"మామా, ఎవరిదిది?"

"పోప్ గారొచ్చి అడిగినా చెప్పను."

"నాక్కూడా చెప్పవా?"

"నువ్వు పోప్ కంటే ప్రమాదం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళెం పట్టుకుని ఆమె పక్కనే ఉన్నాను. నాది అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. పికోలో ఉన్న పాట ఎవరిదో చెప్పకూడదు, మామకి మాటిచ్చాను. ఆ సాయంత్రం పెరట్లో లుడిస్, యురానిస్ నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకోవడం చూశాను. చెల్లెలి గొంతు బాగుంటుంది కదా, మెచ్చుకుంటోంది అనుకున్నాను.

జనవరిలో యురానిస్‌కి పిలుపొచ్చింది. లూదియా వెనక పాడే పదిమందిలో ఒకతి. నేను దాని సంచిలో రెండు ఇన్‌హేలర్లు, ఉన్ని శాలువా, అమ్మ ఫోటో పెట్టాను.

"అక్కా, నేనేం యుద్ధానికి వెళ్ళడం లేదు" అంది.

"ఎక్కడికెళ్ళినా ఆ ఊపిరి పంపు జేబులో ఉండాలి."

"ఉంటుంది. ఏడవకు, పిండిలో పడుతుంది."

మార్చి నెలలో ఒక పొద్దున, మూకుడులో గుడ్డు పోసిన అరెపాలు వేస్తున్నాను. ఎదురుగా బస్సు ఆగింది. డ్రైవర్ రేడియో గట్టిగా పెట్టాడు. గూడబాతు ఎగిరింది, లూదియా గొంతుతో. నేను ముందు సంతోషపడ్డాను, అది ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా పాట బస్సులో వస్తోందని సంతోషపడ్డాను. గూడబాతు మునిగింది. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. నాలుగు లెక్కల ఖాళీ రాలేదు. ఆ చోట పదిమంది గొంతులు అరిచాయి: లూ, ది, యా, ఏ.

బస్సు వెళ్ళిపోయింది. అరెపాలు నల్లబడ్డాయి.

"మీ కొమాద్రె కొత్త పాట విన్నావా?" అంది లైన్లో ఉన్నావిడ. "అచ్చం మన తిగ్రియో పాటలా ఉంది కదూ. పాపం, మన పికో వాడే ఆమె దగ్గర కొట్టుకొచ్చి ఉంటాడు."

మామ దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పటికే విన్నాడు. పరుపుల గదిలో నేలమీద కూర్చుని ఉన్నాడు.

"మామా, నీ దగ్గరున్నది తీసుకుని వెళ్దాం. చూపిద్దాం."

"ఏం చూపిస్తావు? పేరుందా? తేదీ ఉందా? నేనే తుడిచేశాను. రేపు కోర్టులో వాళ్ళేమంటారు? ఈ ముసలాడు లూదియా పాట తీసుకుని గొంతు మార్చాడంటారు."

"పులి కడుపులో ఉందన్నావు."

"ఉంది." తలెత్తలేదు. "ఎవరిదని అడిగితే చెప్పడానికి పులికి నోరు లేదమ్మా. ఉన్నదంతా బొమ్మే."

పాటలు కట్టినవాళ్ళ పేర్లు రాసుకునే ఆఫీసుకి కూడా పాపని ఎత్తుకుని వెళ్ళాను. అక్కడి అమ్మాయి మంచిగానే మాట్లాడింది. కాగితం గానీ సాక్షి గానీ ఉంటే తీసుకురమ్మంది. సాక్షి ఉంది, మా చెల్లెలు ఉంది కదా, నాతో పాటు పాడింది కదా అని ధైర్యంగా ఇంటికొచ్చాను. యురానిస్‌కి ఫోన్ చేస్తే, "అక్కా, వినపడటం లేదు, తర్వాత చేస్తా" అంది. నాకు దాని గొంతు స్పష్టంగా వినపడుతోంది. మళ్ళీ మళ్ళీ చేశాను. మళ్ళీ మళ్ళీ వినపడలేదంది. అప్పటికీ నాకు అనుమానం రాలేదు. పనిలో నలిగిపోతోందనుకున్నాను.

జూన్‌లో వాళ్ళే కార్తహేనా వచ్చారు. సముద్రం గాలి ఉంటేనే లూదియా గొంతు తెరుచుకుంటుందని, పది రోజులు ఇక్కడి బాస్కెట్‌బాల్ హాల్లో ప్రాక్టీసు పెట్టుకున్నారు. పాపకి మంచి గౌను వేసి తీసుకెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"పాప జ్ఞానతల్లి లోపలుంది" అన్నాను.

"ఈ వారంలో ఇది పదకొండో జ్ఞానబిడ్డ. ఒకడికి మీసాలు కూడా ఉన్నాయి."

చర్చి ఫోటో చూపిస్తే పంపించాడు.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. చేప పొలుసుల్లా మెరిసే బట్టలేసుకుని పదిమంది వరసగా ఎగురుతున్నారు. ఎడమనుంచి మూడోది మా పిల్ల. సన్నబడింది. పాట నేను కట్టినదానికంటే బాగా వేగంగా నడుస్తోంది. గూడబాతు మునిగిన చోట మిగతావాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో నాకు తెలీదు, యురానిస్‌కి మాత్రం చోటు లేదు. సరిగ్గా దాని ఊపిరి కోసం నేను వదిలిన చోటే అది ఇంకొకరి పేరు అరుస్తోంది. మూడో చరణంలో దాని భుజాలు చెవులదాకా లేచాయి. అది నాకు తెలిసిన లేవడం.

పాట ఆపగానే లుడిస్ నా దగ్గరికి వచ్చింది. చేతులు చాచింది.

"కొమాద్రె. నా బంగారాన్ని తెచ్చావా? ఇటివ్వు. అమ్మో, ఎంత బరువెక్కింది. బండి మీదవన్నీ ఇదే తింటోందా?"

పాప నవ్వుతూ ఆమె చంకలోకి వెళ్ళింది. యురానిస్ నాలుగడుగుల దూరంలో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆగిపోయింది.

"ఆ పాట నాది" అన్నాను. ఇంకా చాలా అనుకుని వచ్చాను, అదొక్కటే బయటికొచ్చింది.

లుడిస్ తడబడలేదు. పాప గొలుసు సర్దుతూ అంది, "కొమాద్రె, వీధి పాటకి సొంతదారు ఉంటాడా? నేను చిన్నప్పుడు మీ అమ్మ బండి పక్కన కూర్చుని ఇలాంటివే కూనిరాగం తీసేదాన్ని. నీకు గుర్తుండదు."

"నువ్వు బర్రాంకియా వెళ్ళిన ఏడాదికి అమ్మ పోయింది. ఆ పాట ఆ తర్వాత పుట్టింది."

"అలా అని నీ దగ్గర కాగితం ఉందా?"

"సాక్షి ఉంది."

"నా దగ్గరా ఉంది. ఒకే సాక్షి అనుకుంటా." నిజంగానే బాధపడుతున్నట్టు చూసింది. "చిన్నప్పటినుంచీ లుడిస్ ఈ పాట పాడటం విన్నానని సంతకం పెట్టింది. నేను బలవంతం చేయలేదు. అడుగు."

నేను అడగలేదు. యురానిస్ తువ్వాలులోంచి మొహం తీయలేదు. అది చాలు.

అంతకుముందు రోజువరకూ నాకు పేరు కావాలి, న్యాయం కావాలి అని ఉండేది. ఆ నిమిషంలో అవన్నీ ఎటో పోయాయి. దాని భుజాలు ఇంకా దిగలేదు, అదే కనపడుతోంది.

"సరే. పాట నీది. పేరు నీది. ఆ ఖాళీ ఒక్కటి తిరిగి పెట్టు" అన్నాను.

"ఏ ఖాళీ?"

"గూడబాతు మునిగాక. నాలుగు లెక్కలు."

లుడిస్ నవ్వింది. "స్టేడియంలో నాలుగు లెక్కలు ఊరుకుంటే కరెంటు పోయిందనుకుంటారు కొమాద్రె. అయినా అది ఎందుకు నీకు?"

నోరు తెరిచాను. లుడిస్ భుజం వెనకనుంచి యురానిస్ తల అడ్డంగా ఊపింది. కొంచెమే. చిన్నప్పుడు అమ్మ ముందు తన దొంగతనాలు చెప్పొద్దని అలాగే ఊపేది. దాని ఉబ్బసం మొదలైంది లుడిస్ ఊరు వదిలాకే, వీళ్ళకి ఆ సంగతి తెలియదని నాకప్పుడు అర్థమైంది.

"అలవాటు" అన్నాను.

తర్వాత పాపని ఎత్తుకుని వెళ్ళి, బట్టలు మార్చుకునే గది బయట చెల్లెల్ని పట్టుకున్నాను.

"ఫారంలో అడిగారు అక్కా, ఉబ్బసం ఉందా అని. లేదని రాశాను. ఉందంటే ఎవరు తీసుకుంటారు? బొగోతా, కీతో, లా పాస్, అన్నీ కొండలమీదే, గాలే పల్చన."

"హెల్త్ సెంటర్ డాక్టరమ్మ నీకు చలిగాలి పడదని చెప్పలేదా?"

"ఆవిడ నన్ను ఒలాయాలోనే ఉండమంటుంది. నువ్వూ అదే అంటావు."

"ఆ సంతకం?"

తువ్వాలు మడిచి మెడలో వేసుకుంది. అప్పుడంది: "అది నాకోసం కట్టిన పాటేగా. నాది అనుకున్నాను. ఇచ్చేశాను. నువ్వేం చేసుకుంటావు దాన్ని? మూకుడుకి వినిపిస్తావు."

పదేళ్ళు నా ఒళ్ళో ఊపిరి తీసుకున్న పిల్ల అది. లుడిస్ చేసింది దొంగతనం, దానికి కోపం వచ్చింది, కోపం మోయగలను. ఇది ఎక్కడ పెట్టుకోవాలో నాకింకా తెలియలేదు.

"ఊపిరి తీసుకోమని కట్టాను. ఇచ్చెయ్యమని కాదు" అన్నాను.

"వాళ్ళకి చెప్తావా?"

"చెప్తే?"

"చెప్తే పంపించేస్తారు. నేను మళ్ళీ ఆ ఇంటి గుమ్మం తొక్కను. పాప మీద ఒట్టు వెయ్యి, టూర్ వాళ్ళెవరికీ చెప్పనని."

పాప తల మీద చెయ్యి పెట్టి వేశాను. ఆ ఒట్టే నన్ను తినేస్తోంది. కొత్త ఇన్‌హేలర్ తెచ్చాను, చేతిలో పెట్టాను. అది తన మెరుపు బట్టల్ని పైనించి కిందికి తడిమి చూపించింది.

"జేబు లేదక్కా వీటికి."

"నాకివ్వు, లోపలివైపు కుట్టిస్తాను."

"పాతిక మంది కుట్టుపని వాళ్ళున్నారు ఇక్కడ. వెళ్ళు." అంటూనే పాప బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. ఊపిరిలో ఈల వినపడింది. ఇన్‌హేలర్ని గదిలో తన సంచిలోకి విసిరింది. అంటే అది స్టేజీ మీద ఉన్నంతసేపూ పంపు అక్కడే, ఆ సంచిలోనే ఉంటుంది.

వచ్చేటప్పుడు లుడిస్ పాపకి టూర్ చొక్కా ఇచ్చింది. వెనక ఇరవై రెండు ఊళ్ళ పేర్లున్నాయి. ఇంటికొచ్చి గొలుసు తీసి పారేద్దామనుకున్నాను. తీశాక దిష్టి తగులుతుందని భయమేసి మళ్ళీ కట్టాను. చొక్కా మాత్రం తొడగలేదు. విల్మెర్ ఫోన్లో చూసి చెప్తుంటే ఊళ్ళ పక్కన పెన్సిల్‌తో ఎత్తులు రాసుకున్నాను. బొగోతా రెండువేల ఆరొందల మీటర్లు. కీతో రెండువేల ఎనిమిదొందలు. లా పాస్ మూడువేల ఆరొందలు. మా గుమ్మం, రెండు.

మామ ఇప్పటికీ ఆదివారం మా పాట పెడతాడు, ఖాళీతోనే. కానీ కుర్రకారు ఆగడం మానేశారు. గూడబాతు మునగ్గానే వీధి మొత్తం లూదియా అని అరుస్తోంది. మొదటిసారి అలా అరిచిన రోజు మామ వైరు లాగేసి, పులి మీద దుప్పటి కప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను ఒట్టు తప్పను. టూర్ వాళ్ళెవరికీ చెప్పను. మీరు టూర్ వాళ్ళు కాదు.

అందుకని అడుగుతున్నాను. ఆగస్టు పద్నాలుగున మీలో ఎవరైనా బొగోతాలో ఆ జనంలో ఉంటే, లూదియాని చూడటానికి చాలామంది ఉంటారు, మీరొక్కరు వెనక వరస చూడండి. మీకు ఎడమనుంచి మూడో అమ్మాయి. కనుబొమ్మ మీద నూనె చుక్క పడ్డ మచ్చ ఉంటుంది. గూడబాతు మునిగినప్పుడు మీరు ఎవరి పేరూ అరవకండి. నాలుగు లెక్కపెడుతూ దాని భుజాలు చూడండి, మెడ గుంట చూడండి. పాట అయ్యాక వెనక గేటు దగ్గరికి వెళ్ళి, యురానిస్, నీ పంపు ఎక్కడుంది అని అడగండి. దగ్గరుండి పీల్పించండి. అక్క అడగమందని మాత్రం చెప్పకండి.